చిన్న మరమ్మతు - పెద్ద చదువు

బెంజ్ సర్కిల్ వద్ద నిలిచి బందరు వైపు సాగితే, పటమట దాటిన పిమ్మట జవహర్ ఆటోనగర్ ముఖద్వారం కనిపిస్తుంది. 1960వ దశకంలో వెలసిన ఆ కార్మికవాడ పేరు తెలియని లారీ డ్రైవర్లు మన రాష్ట్రంలో అరుదు. ప్రమాదంలో ముందుభాగం నుజ్జునుజ్జయిన లారీ సైతం అక్కడికి చేరి, కొత్త క్యాబినుతో, కొత్త చెక్క బాడీతో, తలుపులపై పూలతీగల చిత్రాలతో మళ్ళీ రోడ్డెక్కుతుంది. అరిగిన టైరుకు కొత్త పట్టు వేసేవారు, విరిగిన కమాను కట్టలను సరిచేసేవారు, రేడియేటరుకు మాటు వేసేవారు ఒక్కొక్క వీధిలో ఒక్కొక్కరుగా ఉన్నారు. పాతబడిన వస్తువును పారవేయవలెనన్న ఆలోచన ఆ వాడలో చివరి ఆలోచన.

అటువంటి నగరంలో, ఆ సర్కిల్‌కు పది నిమిషాల నడక దూరంలో, బొటనవ్రేలంత రబ్బరు ఉంగరం చెడినందుకు ఒక కుట్టు మిషను పాత ఇనుము బండికి పోవలసిన దుస్థితి కలిగింది. ఆ మిషను మా ఇంటిది. ఈ వ్యాసం దాని కథ చెప్పుటకు మాత్రమే కాదు. ఆ కథ నుండి మన కళాశాల గ్రహింపదగిన విషయం ఒకటి ఉన్నదని నా నమ్మకం.

మా ఇంటి ముందుగదిలో కిటికీ ప్రక్కన ఉన్న ఆ మిషను మా అమ్మమ్మ కాలం నాటిది. కాలితో తొక్కేది. నల్లని ఒంటిపై బంగారు రంగు తీగలు కొన్ని మిగిలినవి గాని, తయారుచేసిన కంపెనీ పేరు చేతుల రాపిడికి ఏనాడో చెరిగిపోయింది. దానిపైననే అమ్మమ్మ ముగ్గురు బిడ్డలను పెంచింది. దానిపైననే మా అమ్మ జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్సు వేసి, నా కళాశాల ఫీజు కట్టుతున్నది. గత సంవత్సరం దసరా పనులు ముమ్మరంగా ఉన్న వేళ దాని బాబిను వైండరు, అనగా బాబినుకు దారం చుట్టే చిన్న చక్రం, తిరగడం మానివేసింది. చేతిచక్రం తిరుగుతున్నది, దాని ప్రక్కనున్న ఈ చిన్న చక్రం మాత్రం జారిపోతూ నిలిచిపోతున్నది.

పట్టణంలోని ఒక దుకాణానికి తీసుకువెళ్ళాము. అక్కడివారు మిషను మూత తీసి చూచినది లేదు. "ఇది చాలా పాతది, సామాను రాదు, ఇనుము కింద ఇచ్చివేసి కొత్తది తీసుకోండి" అన్నారు. అమ్మ మారు పలుకక మిషనును ఆటోలో తిరిగి ఇంటికి తెచ్చింది. ఆ రాత్రి నుండి బాబినును వ్రేళ్ళ మధ్య పట్టుకొని, చేతితోనే దారం చుట్టడం మొదలుపెట్టింది.

కుట్టుపని తెలియని మిత్రులకు ఇందులోని ఇబ్బంది బోధపడదు గనుక కొంత వివరిస్తాను. మిషను కుట్టు రెండు దారాల కలయిక. పై దారం రీలు నుండి దిగి సూది కన్నులో దూరుతుంది. క్రింది దారం మిషను అడుగున, బాబిను కేసులో దాగి ఉంటుంది. సూది బట్టను గ్రుచ్చి క్రిందికి దిగినప్పుడల్లా షటిలు పై దారపు మడతను పట్టి, క్రింది దారం చుట్టూ త్రిప్పుతుంది. ఆ రెండు దారాల ముడి బట్ట మందం మధ్యలో పడినప్పుడే కుట్టు గట్టిది. క్రింది దారం బాబినుపై ఒకచోట బిగువుగా, వేరొకచోట వదులుగా చుట్టబడి ఉన్నచో, అది కేసులో నుండి సమంగా రాదు. పైకి చూచుటకు కుట్టు బాగుగానే తోస్తుంది. నాలుగు ఉతుకులకు విడిపోతుంది.

మా ఇంట జరిగినది అదే. చేతితో చుట్టిన బాబినులతో కుట్టిన ఒక జాకెట్టు చంక క్రింద కుట్టు వీడి తిరిగి వచ్చింది. కొన్నేళ్ళుగా మా అమ్మ వద్దనే కుట్టించుకొనే ఆవిడ ఒక్క పరుషమైన మాట అనలేదు. మరునాటి నుండి ఇటు రాలేదు, అంతే. తొమ్మిది రోజుల పండుగలో మా ఇంటికి రావలసిన పనిలో సగం పోయింది. క్రొత్త మిషను కొనుటకు చేతిలో సొమ్ము లేదు. అప్పు చేయుటకు అమ్మ ఇష్టపడలేదు.

చివరకు పటమటలో ఒక వరండాలో కూర్చుండి మిషన్లు బాగుచేసే ఒక వృద్ధుని గూర్చి ఎవరో చెప్పగా, నేనే వెళ్ళి పిలుచుకొని వచ్చాను. ఆయన మిషనును చేతితో ఒకసారి త్రిప్పి, చిన్న చక్రాన్ని గోటితో నొక్కి, "అమ్మాయీ, రబ్బరు చచ్చింది గాని మిషను బ్రతికే ఉన్నది" అన్నారు. "ఎంత అవుతుంది బాబాయి గారూ?" అని అడిగితే, "నా చేతులు వణుకుతున్నవి. నేను చెప్తాను, నీవు చెయ్యి. ఉంగరం ఖరీదు ఇస్తే చాలు" అన్నారు. ఆ మధ్యాహ్నం నేను నేర్చినది మూడు సంవత్సరాల కళాశాల జీవితంలో నాకు బాగా గుర్తుండిపోయిన పాఠం.

ఆయన మొదట చక్రం మధ్యనున్న గుండ్రని మరను వదులు చేయించారు. అట్లు చేసినచో చేతిచక్రం మాత్రమే తిరుగుతుంది, సూది నిలిచిపోతుంది. బాబిను చుట్టునపుడు సూది ఊరక ఆడకుండుటకు ఇది ఏర్పాటు. పిమ్మట లోపాన్ని నాలుగు చోట్ల వెదకవలెనని, ఒకదాని తరువాత ఒకటిగా చూడవలెనని, అన్నింటినీ ఒకేసారి విప్పరాదని చెప్పారు.

మొదటిది మడ్డి. ఏండ్ల తరబడి పోసిన నూనె ఆరి, దుమ్ముతోను దారపు నూగుతోను కలిసి, వైండరు కడ్డీ చుట్టూ జిగురువలె గట్టిపడి ఉన్నది. ఆయన తన సీసాలోని కిరసనాయిలు నాలుగు చుక్కలు వేయించి, కడ్డీని వ్రేళ్ళతో ఇటూ అటూ త్రిప్పమన్నారు. మొదట కదలలేదు. కొంతసేపటికి నల్లని మడ్డి కారింది. గుడ్డతో తుడిచి మళ్ళీ వేశాము. మూడవసారికి కడ్డీ వదులై స్వేచ్ఛగా తిరిగింది. అప్పుడు ఒకే ఒక చుక్క మిషను నూనె వేయమన్నారు. "కడ్డీకి నూనె మందు, రబ్బరుకు అదే విషం" అని హెచ్చరించారు.

రెండవది రబ్బరు ఉంగరం. చిన్న చక్రం అంచున తొడిగిన ఈ ఉంగరం చేతిచక్రానికి ఒరుసుకొని తిరుగుతుంది. మాది గాజువలె గట్టిపడి, ఒకచోట చదునై ఉన్నది. బాబిను చుట్టిన తరువాత వైండరును వెనుకకు తీయక, చక్రానికి ఆనించి వదలివేస్తే అట్లు చదునవుతుందట. ఏనాటి నుండి మేమా పొరపాటు చేస్తున్నామో! పాతదానిని కత్తితో కోసి తీసి, గాడిని తుడిచి, కొత్త ఉంగరాన్ని తొడిగాము. దాని ఖరీదు రెండు టీల ఖరీదుకు మించలేదు.

మూడవది ఒత్తిడి. కొత్త ఉంగరం వేసినా అది చక్రానికి తగినంతగా ఆనకపోతే మళ్ళీ జారుతుంది. వైండరును క్రిందికి నొక్కి, కొక్కెం పడిన తరువాత, ప్రక్కనున్న సర్దుబాటు స్క్రూను వదులు చేసి, ఉంగరాన్ని చక్రానికి ఆనించి పట్టుకొని, అదే స్థితిలో స్క్రూను బిగించాలి. ఇది ఇద్దరి చేతుల పని. నేను పట్టుకున్నాను, అమ్మ బిగించింది.

నాలుగవది దారపు దారి. రీలు నుండి వచ్చే దారం మిషను పలక మూలనున్న రెండు చిన్న బిళ్ళల మధ్యగా పోయి బాబినును చేరుతుంది. ఆ బిళ్ళల పట్టీ బాబినుకు సరిగా ఎదురుగా లేకపోతే దారం ఒక ప్రక్కనే గుట్టపడుతుంది. ఏ ప్రక్కన దారం తక్కువగా పడుతున్నదో ఆ ప్రక్కకు పట్టీని వెంట్రుకవాసి జరపాలి. రెండు మారులు చుట్టి విప్పి చూచిన పిమ్మట మూడవసారి దారం అంచు నుండి అంచుకు సమంగా పరుచుకొన్నది. బాబిను నిండగానే దారమే కొక్కెం నాలుకను నెట్టింది. వైండరు టక్కున వెనుకకు లేచి తనంతట తాను ఆగింది. నిండినదని మిషను తానే గ్రహించి నిలిచే ఈ ఏర్పాటును నేను పుట్టిన నాటి నుండి చూస్తున్నాను. అది ఎట్లు జరుగుతుందో ఆనాడే తెలుసుకున్నాను.

ఇందులో నన్ను సిగ్గుపడజేసిన విషయం ఒకటి ఉన్నది. ఘర్షణ అనగానేమో నేను పాఠశాలలోనే చదివాను. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నాను. పెద్ద చక్రం చిన్న చక్రాన్ని త్రిప్పితే చిన్నది ఎన్ని రెట్లు వేగంగా తిరుగునో లెక్క చేయగలను. కాని మా ఇంట ఘర్షణ లేక చక్రం జారుతున్నప్పుడు అది నేను చదివిన పాఠమేనని నాకు తట్టలేదు. అక్షరం ముక్క రాదని తన్ను తాను చెప్పుకొనే ఆ వృద్ధునికి తట్టింది. చదువు ఎవరిది, అజ్ఞానం ఎవరిది?

మిత్రులారా! కుట్టు మిషను చరిత్ర మన సర్కిల్‌కు పేరైన బెంజి మోటారు చరిత్ర కంటె పాతది. అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో రెండు దారాల కుట్టు మిషనుకు పేటెంటు పొందినాడు. ఐజాక్ సింగర్ 1851లో పొందినాడు. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు కోరినది 1886లో. లోకంలో మోటారు కారు పుట్టకముందే ఇండ్లలో కుట్టు మిషను కాలూనింది. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకు ఫ్యాక్టరీ నుండి మిషన్లు సముద్రాలు దాటినవి. 1930వ దశకంలో కలకత్తాలో మన దేశీయమైన ఉషా మిషను తయారైంది. తరువాత లూధియానా ఈ పరిశ్రమకు కేంద్రమైంది. క్లైడ్‌బ్యాంకు ఫ్యాక్టరీ 1980లో మూతపడినా, అక్కడ పుట్టిన మిషన్లు ఎన్నో నేటికీ కుట్టుతూనే ఉన్నవి. ఏలననగా, వాటి కొలతలనే మన దేశంలోనివారు అనుసరించినందువలన, చాలా పాత మిషన్లకు నేటి బాబిను, నేటి ఉంగరం సరిపోవుచున్నవి. "సామాను రాదు" అనే మాట ఎన్నోసార్లు "వెదకను" అనే మాటకు మారుపేరు.

యంత్రాలను అంతగా మెచ్చని గాంధీజీ సైతం ఈ యంత్రాన్ని మినహాయించారు. 1924లో రామచంద్రన్ అనే శాంతినికేతనం విద్యార్థి, మీరు యంత్రాలన్నింటికీ విరోధులా అని ప్రశ్నించగా, సింగరు కుట్టు మిషనును ఆయన ఉపయోగకరమైన కొద్ది వస్తువులలో ఒకటిగా పేర్కొన్నారు. అట్లయిన ఆ మిషన్లు చేసేందుకు ఫ్యాక్టరీ కావలెను గదా అని ఆ విద్యార్థి వదలక అడిగితే, కావలెనని ఒప్పుకున్నారు. మనిషి శ్రమను తగ్గించి, మనిషిని తొలగించని యంత్రం ఆయనకు సమ్మతమే. ఆ మాటకు నేను ఒకటి చేర్చదలచుకున్నాను: మనిషి విప్పి, చూచి, బాగుచేసుకోగలిగినంత కాలమే యంత్రం మనిషి చేతిలో ఉంటుంది. విప్పుట తెలియనినాడు యజమాని మనము కాము, దుకాణదారు.

నేడు ప్రభుత్వాలు, ధార్మిక సంస్థలు పేద మహిళలకు కుట్టు మిషన్లు పంచుతున్నవి. 2023లో కేంద్రం ఆరంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 వృత్తులలో దర్జీ వృత్తి ఒకటి; పనిముట్ల కొరకు 15,000 రూపాయల వరకు సహాయం ఉన్నది. ఇవి మెచ్చదగిన పనులు. కాని పంచిన మిషను రెండేండ్ల తరువాత ఏమవుతున్నదో ఒకసారి మన వీధులలో చూడండి. కొన్ని ఇండ్లలో అది మంచం క్రింద ఉన్నది. కొన్ని ఇండ్లలో దానిపై దుప్పట్లు మడతపెట్టి ఉన్నవి. ఎందుకు కుట్టరని అడిగితే "బాబిను చుట్టడం లేదు", "దారం తెగుతున్నది" అని చెప్తారు. కుట్టుట నేర్పినవారు విప్పుట నేర్పలేదు. చిల్లర డబ్బుల ఉంగరం లేక వేల రూపాయల దానం వ్యర్థమగుచున్నది.

2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు గట్లు తెగి సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు మా పిన్ని గారి మిషను కూడా మునిగింది. నీరు తీసిన తరువాత బురద పట్టిన దానిని చూచి, ఇక ఇది పనికిరాదని వీధిలో పెట్టివేశారు. ఆనాడు మాకెవరికీ ఏమీ తెలియదు. తొలి రోజుననే మంచినీటితో బురద కడిగి, ఆరబెట్టి, కిరసనాయిలు పట్టించి, నూనె వేసి ఉంటే అది బ్రతికి ఉండేదని వృద్ధుడు చెప్పగా ఈ సంవత్సరం తెలిసింది. తెలియనితనం ఖరీదు ఒక కుటుంబపు జీవనోపాధి.

దీనికి ప్రతివాదాలు లేకపోలేదు. రెడీమేడు దుస్తుల కాలంలో కుట్టు మిషను గురించి వ్యాసమెందుకని కొందరు అడుగవచ్చును. రెడీమేడు జాకెట్టు అందరి ఒంటికీ అమరదనే సంగతి మన ఇంటి స్త్రీలను అడిగితే చెప్తారు. మోటారు మిషను వేగం ఎక్కువ గదా అని మరికొందరు అనవచ్చును. నిజమే, చేతనైనవారు కొనుక్కోవలసినదే. పాతదంతా బంగారమని నేను చెప్పడం లేదు. ఒంటి పోతలో బీట పడిన మిషనును, షటిలు గాడి పూర్తిగా అరిగిన మిషనును నిలబెట్టుటకు పెట్టే ఖర్చు దండుగ. కాని ఏది బాగుపడునో ఏది పడదో తేల్చుటకైనా మూత తీసి చూడవలెను గదా! చూడకుండా చెప్పే తీర్పును నేను నిరసిస్తున్నాను.

కళాశాల పని డిగ్రీలు ఇచ్చుట గాని మిషన్లు బాగుచేయుట కాదని మూడవ ప్రతివాదం. దీనికి లోకమే సమాధానం చెప్తున్నది. 2009లో ఆమ్‌స్టర్‌డాం నగరంలో మార్టీన్ పోస్ట్‌మా అనే మహిళ ఇరుగుపొరుగువారు చెడిన వస్తువులను తెచ్చుకొని, తెలిసినవారి ప్రక్కన కూర్చుండి తామే బాగుచేసుకొనే కూటమిని ఆరంభించింది. అటువంటి కూటములు నేడు అనేక దేశాలలో నడుస్తున్నవి. మన దేశంలో 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘాన్ని నియమించింది. కొన్నవానికి బాగుచేసుకొనే హక్కు ఉండవలెనని చదువుకొన్న లోకం ఇప్పుడు అంటున్నది. మన ఆటోనగరులో చేతులు ఈ మాట ఏనాడో చెప్పినవి.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఇది. పెద్ద భవనం అక్కరలేదు, గ్రాంటు అక్కరలేదు. ఒక గదిలో ఒక బల్ల, వారానికి ఒక మధ్యాహ్నం. రెండు స్క్రూడ్రైవర్లు, ఒక కుంచె, ఒక చిమటా, ఒక సీసా కిరసనాయిలు, ఒక డబ్బా మిషను నూనె, ఒక పెట్టె రబ్బరు ఉంగరాలు. చుట్టుప్రక్కల ఇండ్లవారు చెడిన మిషనును తీసుకురావచ్చునని గేటు వద్ద ఒక పలక. బాగుచేసేది విద్యార్థులు, నేర్పేది పట్టణంలో ఇంకా మిగిలియున్న వృద్ధ మెకానిక్కులలో ఒకరు. ఆయనకు గౌరవవేతనం తప్పక ఇవ్వాలి. సేవ అనే పేర పేదవాని విద్యను ఉచితంగా తీసుకొనుట న్యాయం కాదు. వార్షికోత్సవం నాడు ఇతర అధ్యాపకులతో సమానంగా ఆయనకూ వేదికపై ఒక కుర్చీ ఉండాలి.

మరొక చిన్న పని మన కళాశాలకే ప్రత్యేకంగా తగినది. కుట్టుపనిలో మన ఉభయ భాషలూ ఎన్నడో ఒకదానిలో ఒకటి కలిసిపోయినవి. దర్జీ, జేబు, అస్తరు - ఇవి ఉర్దూ వైపు నుండి వచ్చి తెలుగు ఇండ్లలో స్థిరపడిన మాటలు. మడత, అంచు, కుచ్చెళ్ళు - ఇవి తెలుగు మాటలు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో కూడ కొలతలు చెప్పేటప్పుడు వినిపిస్తున్నవి. ఉర్దూ విభాగం వారు, తెలుగు విభాగం వారు కలిసి ఆ బల్ల వద్ద వినిపించే మాటలను ఒక నోటు పుస్తకంలో వ్రాసిపెడితే, రెండు మూడేండ్లలో ఈ సంచికలో ప్రచురింపదగిన పదకోశం తయారవుతుంది. ఆ వృద్ధుల తరువాత ఆ మాటలు చెప్పేవారు దొరకరు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీ ఇంట ఏ మూలనో ఒక మిషను నిలిచిపోయి ఉంటే, పాత ఇనుము బండి పిలుపు వినబడకముందే దాని మూత తీయండి. చక్రం త్రిప్పండి. ఎక్కడ జారుతున్నదో వేలితో తాకి చూడండి. నాలుగు కారణాలలో ఒకటి కనిపించవచ్చును. కనిపించకపోయినా నష్టం లేదు. తెలిసినవారిని అడుగుటకు తగిన ప్రశ్న మీ వద్ద సిద్ధమవుతుంది.

ఉంగరం మార్చిన సాయంత్రం మా అమ్మ వరుసగా ఆరు బాబినులు చుట్టి కిటికీ గూటిలో పేర్చుకొన్నది. మరునాడు ఉదయం, చంక క్రింద కుట్టు వీడిన జాకెట్టు ఆవిడ ఇంటికి తానే వెళ్ళి, దానిని అడిగి తెచ్చి, విప్పి, మళ్ళీ కుట్టి ఇచ్చి వచ్చింది. డబ్బు తీసుకోలేదు. సంక్రాంతికి ఆవిడ రెండు జాకెట్టు ముక్కలతో మా గుమ్మం ఎక్కింది.